ఫిరంగిపురం నుంచి గుణదల దాకా: నాలుగు రోజుల కాలినడక

ఫిబ్రవరి 8. ఫిరంగిపురం – గుంటూరు

విజయవాడ గుణదలలో జరిగే మేరీమాత తిరునాళ్ళకి నడిచి వెళ్ళడానికి తెల్లవారుజామున నాలుగున్నరకి ఫిరంగిపురం బాలయేసు గుడి ముందు కలుసుకున్నాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం, మొత్తం 34 మందిమి. ట్రాలీ ఆటోలో బియ్యం, గ్యాస్ పొయ్యి, దుప్పట్లు, మైకు సెట్టు ఎక్కించాం. ఆటో ముందు భాగాన లూర్దు మాత స్వరూపం పెట్టి, బంతిపూల దండలు కట్టాం. ఇంగ్లండ్‌లోని మిల్‌హిల్ మిషనరీ సభ నుంచి వచ్చిన థియోడర్ డీక్‌మన్ స్వామి 19వ శతాబ్దం చివర్లో కట్టించిన గుడి అది. చీకట్లో దాని గోడలు చూస్తుంటే చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. అమ్మ జపమాలే ఇప్పుడు నా జేబులో ఉంది.

ముందే ఒక మాట చెప్పాలి. నేను మొక్కు తీర్చుకోవడానికి రాలేదు. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని సంఘంలో, క్వయర్ (పాటల బృందం) నడిపేది నేనే. పండగ కమిటీలో ఉన్నాను. ఆదివారం పూజకి అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక వెళ్ళేది నేనే. కానీ ఆరేళ్ళుగా నా ప్రార్థన పెదాల దగ్గరే ఆగిపోతోంది. ఎందుకు ఎదగడం లేదో, ఎక్కడ అడ్డుపడిందో తెలుసుకోవాలని బయల్దేరాను. నిజానికి అది నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోకుండా ఆరేళ్ళు నెట్టుకొచ్చాను.

పేరేచర్ల దాకా నడక హాయిగా సాగింది. చలిగాలి, రోడ్డు పక్క చింతచెట్లు. పిల్లలు మైకులో పాటలు పాడుతుంటే అలసట తెలియలేదు. అక్కడ ఇడ్లీ తిని మళ్ళీ కదిలేసరికి ఎండ ఎక్కింది. జపమాలలో క్రీస్తు శ్రమల్ని ధ్యానించే దుఃఖ దేవరహస్యాలు మొదలుపెట్టాం. నేను చెప్తుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. మూడో రహస్యానికి వచ్చేసరికి మైకు ఒక కుర్రాడికిచ్చి వెనకబడ్డాను.

వెనక మా ఉపదేశి మాస్టారు ఉన్నారు. డెబ్బై దాటినాయన. నాకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు, నేర్పింది ఆయనే. చేతికర్ర పట్టుకుని, ప్రతి పూసకీ ఒక అడుగు అన్నట్టు నడుస్తారు.

"ఏంరా అబ్బాయ్, వెనకబడ్డావే?"

"జపం నోటితో చెప్తున్నానండీ. లోపల ఏమీ కదలడం లేదు. చాలా కాలంగా ఇంతే."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. ఆ పది పూసల దశకం పూర్తిచేసి, త్రిత్వ స్తోత్రం చెప్పి, అప్పుడు అడిగారు. "జపం చేసేటప్పుడు గడియారం చూస్తావా?"

"చూస్తానండీ."

"తెరేసమ్మా అంతే చేసింది."

ఫిరంగిపురం కొండ మీద కార్మెల్ మాత ఉంది కదా, ఆ పేరుతో ఉన్న కార్మెల్ సన్యాసుల సభని 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో సంస్కరించిన ఆవిలాపురి పునీత తెరేసా గురించి ఆయన చెప్పింది. ప్రార్థనకే గురువుగా తిరుసభ, అంటే కతోలిక సంఘం, గౌరవించే మనిషి. ఆమె కూడా కొన్నేళ్ళ పాటు ధ్యానానికి కూర్చుని, గంట ఎప్పుడు కొడతారా, ఎప్పుడు లేద్దామా అని చెవి అటే వేసి ఉండేదట. ఆ సంగతి తానే రాసిపెట్టింది. ఇంకొకటి కూడా రాసింది. ఒక ఏడాదికి పైగా ధ్యానం మానేసిందట. బద్ధకంతో కాదు. ఇలాంటి నేను ఏ మొహం పెట్టుకుని దేవుడితో మాట్లాడను అని. తన జీవితంలో అంత పెద్ద శోధన ఇంకోటి లేదని తర్వాత చెప్పుకుంది.

మొదటి సంగతి వింటే ధైర్యం వచ్చింది. రెండోది వింటే ఛాతీలో ఏదో గుచ్చుకుంది. మాస్టారు నా వైపు చూడకుండానే నడుస్తున్నారు.

నల్లపాడు దాటి గుంటూరు చేరేసరికి సాయంత్రమైంది. ఒక గుడి ఆవరణలో మకాం. 22 కిలోమీటర్ల దాకా నడిచాం. అందరూ పడుకోగానే నిద్రపోయారు. నాకు పట్టలేదు. ఇక్కడ రాయకపోతే ఈ కథనానికి అర్థం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆరేళ్ళ క్రితం మా ఊరి పండగ చందా డబ్బు మా ఇంట్లో బీరువాలో ఉంది. మా అమ్మాయి కాలేజీ ఫీజుకి మర్నాడే ఆఖరి రోజు. ఎవరినీ అడగబుద్ధి కాలేదు. అందులోంచి 14,000 తీశాను. మూడు నెలలకి అదే రబ్బరు బ్యాండు కింద అదే 14,000 తిరిగి పెట్టేశాను. లెక్కలో రూపాయి తేడా రాలేదు. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. ఇది దొంగతనం కాదు, అప్పు అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పయితే ఒకరినైనా అడిగి తీసుకునేవాణ్ణి కదా.

ఆ ఏడు ఈస్టరుకి పాపసంకీర్తనం చెయ్యాలని, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపం ఒప్పుకోవాలని, అనుకున్నాను. మా విచారణ గురువు వారానికోసారి మా ఇంట్లో భోంచేసేవారు. ఆయన చెవిలో ఈ మాట ఎలా వెయ్యను? క్రిస్మస్‌కి చూద్దాంలే అనుకున్నాను. తర్వాత ఆయనకి బదిలీ అయింది. కొత్త గురువుతోనూ స్నేహం కుదిరింది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదని, పెడితే తిరుసభ నుంచే వెలి అని నేనే పిల్లలకి చెప్తాను. భయం గురువు బయటపెడతారని కాదు. మర్నాడు ఆయన నన్ను చూసే చూపులో తేడా వస్తుందేమోనని. అలా ఆరేళ్ళు. ఈలోగా, పాపం ఒప్పుకోకుండా తీసుకోకూడదని తెలిసినా, ప్రతి ఆదివారం పూజలో ఇచ్చే సత్ప్రసాదం లోకొంటూనే ఉన్నాను. క్వయర్ నడిపేవాడు వరసలో నిలబడకపోతే ఊరంతా చూస్తుంది.

ఫిబ్రవరి 9. గుంటూరు – మంగళగిరి

ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. మా గుంపులో ఒక పిన్ని సూదిని మంట మీద చూపించి, దారం ఎక్కించి, బొబ్బ ఒక చివర గుచ్చి ఇంకో చివర తీసింది. దారం లోపలే ఉండేలా రెండు కొసలు కత్తిరించింది. నీరు ఆ దారం వెంట చుక్కచుక్కగా కారిపోయింది. పైన కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టింది. "చర్మం ఊడదీయకు నాయనా, అదే కాపాడుద్ది" అంది. ఆమె మాత్రం చెప్పుల్లేకుండా నడుస్తోంది.

పెదకాకాని దాటాక హైవే. లారీలు పక్కనుంచి పోతుంటే గాలికి చీరలు, జెండాలు ఎగిరిపోతున్నాయి. ఒక టీ కొట్టావిడ మమ్మల్ని ఆపి అందరికీ మజ్జిగ పోసింది. బొట్టు పెట్టుకున్న మనిషి. డబ్బులిస్తే తీసుకోలేదు. "మేరీమాతకి నా పేరున ఒక కొవ్వొత్తి వెలిగించండి చాలు" అంది. మా ప్రాంతంలో గుణదల అంటే అంతే, అందరికీ అమ్మే.

నాగార్జున యూనివర్సిటీ దగ్గర పన్నెండు దాటింది. నడక మొదలెట్టిన ఉత్సాహం అయిపోయి, గమ్యం ఇంకా కనపడని చోటు అది. కాళ్ళ కంటే మనసు ముందు కూలబడింది. ఎందుకీ నడక, బస్సెక్కితే గంటలో గుణదలలో ఉంటాం కదా, ఇంటి దగ్గర ఎన్ని పనులు ఆగిపోయాయో, నేను లేకపోతే క్వయర్ ప్రాక్టీసు ఏమవుతుందో... ఇలా ఒకదాని వెంట ఒకటి. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన ఎవాగ్రియస్ అనే ముని దీన్ని మధ్యాహ్న పిశాచం అన్నాడని ఒక ధ్యానకూటంలో విన్నాను. అది పట్టిన సన్యాసికి పొద్దు కదలదట. రోజుకి యాభై గంటలున్నట్టు ఉంటుందట. ఇక్కడ తప్ప ఇంకెక్కడున్నా బాగుండేది, ఈ పని తప్ప ఇంకే పని చేసినా దేవుడికి నచ్చేది అనిపిస్తుందట. పదహారు వందల ఏళ్ళ క్రితం ఇసుకలో కూర్చున్న మనిషికి కలిగిన ఆలోచనే నాకు తారు రోడ్డు మీద కలిగింది.

జేబులో ఫోను మోగుతూనే ఉంది. క్వయర్ గ్రూపు, కమిటీ గ్రూపు, పండగ ఫ్లెక్సీ గురించి మెసేజీలు. ఒక చేత్తో జపమాల తిప్పుతూ ఇంకో చేత్తో జవాబులు కొడుతున్నాను. ప్రతి పూసకీ మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం సగంలో "ఓకే" అని టైపు చేశాను. అప్పుడు అర్థమైంది నాకు. ఇవన్నీ గుడి పనులే. కాబట్టే వీటి చాటున ఆరేళ్ళు హాయిగా దాక్కోగలిగాను. చెడు పనులైతే ఎప్పుడో పట్టుబడేవాణ్ణి. ఫోను ఆపేసి ఆటోలో నా సంచి అడుగున పెట్టాను. కాజా టోల్‌గేటు దాకా పిన్ని పక్కనే నడిచాను.

ఆమె కొడుక్కి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. "పోయినేడు వాడికి తగ్గితే చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నా. తగ్గలేదు. అయినా నడిచా" అంది.

"మరి ఈ ఏడు ఏం మొక్కుకున్నావు పిన్నీ?"

"ఈ ఏడు ఏమీ మొక్కుకోలేదయ్యా. అమ్మ దగ్గరికెళ్ళి కూర్చుని రావాలనిపించింది. వాడి సంగతి ఆమెకి తెలీదా?"

మేము సత్యోపదేశంలో ప్రార్థనంటే బేరం కాదని చెప్తాం. ఆమె అది చెప్పలేదు. కాళ్ళ కింద కంకర గుచ్చుకుంటుంటే పక్కకి తొలగి మట్టి మీద అడుగేస్తూ నడిచింది. సాయంత్రం మంగళగిరి కొండ కనపడేదాకా నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఫిబ్రవరి 10. మంగళగిరి – గుణదల

ఈ రోజు తొందరగా లేచాం. తాడేపల్లి మీదుగా సీతానగరం వైపు వచ్చి, ఎనిమిదింటికి ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. ఎడం వైపు నిండుగా కృష్ణమ్మ, కుడివైపు గేట్ల కింద ఇసుక తిన్నెలు, ఎదురుగా ఇంద్రకీలాద్రి. పిల్లలు ఫోటోలు దిగుతామంటే కాసేపు ఆగాం. నేను మాస్టారి దగ్గరికి వెళ్ళాను. రాత్రంతా కూడగట్టుకున్న ధైర్యం అది.

"మాస్టారూ, మీకొక విషయం చెప్పాలి. ఆరేళ్ళ క్రితం..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు చెప్పొద్దురా."

"అది కాదండీ..."

"నాకు చెప్తే నీకు తేలికవుద్ది. తేలికైపోతే చెప్పాల్సిన చోట చెప్పవు. నాకు తెలుసు. నేనూ అట్టా ఒకసారి నా పెళ్ళాంకి చెప్పి, రెండేళ్ళు గుడిలో చెప్పలేదు." కర్ర రెయిలింగుకి ఆనించి నీళ్ళవైపు చూశారు. "లూర్దులో ఊట ఎట్టా పడిందో నీకు నేను చెప్పానా?"

చిన్నప్పుడు చెప్పారు. కానీ నలభై ఏళ్ళొచ్చాక విన్నట్టు అప్పుడు వినలేదు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దు గుహలో మరియమాత మొదటిసారి దర్శనమిచ్చినప్పుడు బెర్నదెత్త అనే పిల్లకి 14 ఏళ్ళు. చదువు రాదు, ఉబ్బసం, ఇంట్లో తిండికి లేదు. అదే నెల 25న, వెళ్ళి ఆ ఊటలో నీళ్ళు తాగి, మొహం కడుక్కో అంది ఆ తల్లి. అక్కడ ఊటే లేదు. చూపించిన చోట పిల్ల చేత్తో నేల గీకింది. బురద వచ్చింది. చేతిలోకి తీసుకుంది, తాగలేక పారేసింది. మూడుసార్లు పారేసింది. నాలుగోసారి తాగింది. మొహమంతా బురద పూసుకుని లేచేసరికి చూడ్డానికొచ్చిన జనం పిచ్చిది అన్నారు. తర్వాత ఆ గుంటలోంచే తేటనీళ్ళు వచ్చాయి. ఈనాటికీ వస్తున్నాయి.

"ఆ తల్లి ఊట చూపించలేదురా, ఊట ఉన్న చోటు చూపించింది. గీకాల్సింది పిల్లే" అన్నారు మాస్టారు. "మూడుసార్లు పారేసిందంటే నాకు ఎంత ఇష్టమో. పదండి, ఎండెక్కుద్ది."

విజయవాడ ట్రాఫిక్‌లో నడక గురించి రాయడానికేమీ లేదు. హారన్లు, పొగ, ప్రతి సిగ్నల్ దగ్గర మనుషుల్ని లెక్కపెట్టుకోవడం. ఏలూరు రోడ్డు ఎక్కాక మాత్రం పక్కనుంచి, వెనకనుంచి గుంపులు వచ్చి కలుస్తూనే ఉన్నాయి. ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్ళు, గోదావరి జిల్లాలవాళ్ళు. చంటిపిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు. అందరి నోటా "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము". మేము చెప్పే మంగళవార్త జపం సగం వాళ్ళు అందుకుంటే, వాళ్ళది మేము అందుకున్నాం.

ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి స్వామి 1920ల్లో ఈ కొండ దగ్గర మాత స్వరూపాన్ని నిలిపినప్పుడు ఇది ఊరికి దూరంగా ఉన్న రాతికొండ. ఇప్పుడు మూడు రోజుల తిరునాళ్ళకి లక్షల్లో జనం వస్తారు. సాయంత్రం మా వంతు వచ్చేసరికి గుహ చుట్టూ కొవ్వొత్తుల వేడికి నిలబడలేకపోయాం. టీ కొట్టావిడ పేరున ఒకటి వెలిగించాను. తలనీలాలిచ్చిన పసివాడొకడు పసుపు రాసిన గుండుతో తల్లి భుజం మీద నిద్రపోతున్నాడు. మెట్ల కింద గుడారాల్లో పాపసంకీర్తనాలు వింటున్న గురువులు వరసగా కనపడ్డారు. అటు చూసి, కాళ్ళు నొప్పులని చెప్పి, వెళ్ళి పడుకున్నాను.

అది మూడోసారి పారెయ్యడం.

ఫిబ్రవరి 11. గుణదల

ఉదయం ఆరింటికి వరసలో నిలబడ్డాను. నా ముందు పదిమంది. గుణదలకి దగ్గర్లోనే ఆంధ్ర లొయోలా కాలేజీ ఉంది. కుర్రాడిగా అక్కడో ధ్యానకూటానికి వచ్చాను. ఆ కాలేజీకి పేరిచ్చిన పునీత లొయోలా ఇగ్నేషియస్ సైనికుడు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగాక దేవుడి వైపు తిరిగిన మనిషి. మనసులో కదిలే ప్రేరణల్లో మంచిదేదో చెడ్డదేదో గుర్తుపట్టడానికి ఆయన రాసిన 14 సూత్రాల్లో 13వది ఆ కూటంలో చెప్పారు. అప్పుడు నోట్సులో రాసుకుని మర్చిపోయాను, వరసలో నిలబడ్డాక గుర్తొచ్చింది. శత్రువు, అంటే సైతాను, దొంగ ప్రియుడి లాంటివాడు, నీకూ నాకూ మధ్య జరిగింది మీ నాన్నకి చెప్పకు, నీ భర్తకి చెప్పకు అంటాడు. ఎందుకంటే చెప్పిన క్షణమే వాడి ఆట కట్టు. ఆరేళ్ళుగా నా చెవిలో మర్యాద, పరువు, తర్వాత చూద్దాం అని చెప్తూ వచ్చింది ఎవరో అక్కడ తెలిసింది. అది నా సిగ్గే అనుకున్నాను. సిగ్గు నాదే గానీ, దాన్ని కాపలా కాసింది మాత్రం వాడు.

నా వంతు వచ్చింది. రెండు వెదురుబొంగుల మధ్య కట్టిన దుప్పటి, ఇవతల నేల మీద గోనెపట్టా, అవతల ప్లాస్టిక్ కుర్చీలో పెద్ద వయసు గురువు. మెళ్ళో ఊదారంగు పట్టీ, ఎండకి తల మీద తువ్వాలు, కాళ్ళ దగ్గర సగం తాగిన నీళ్ళ సీసా. మోకాళ్ళ మీద కూర్చున్నాను. చివరి పాపసంకీర్తనం ఎప్పుడని అడిగారు. ఆరేళ్ళన్నాను. "మంచిది, వచ్చావు కదా" అన్నారు.

ముందు చిన్నవన్నీ చెప్పాను. కోపాలు, అబద్ధాలు, జపాలు ఎగ్గొట్టడం. ఇంకా చిన్నవి వెతుకుతున్నాను. ఆయన ఆగి, "అసలు సంగతి చెప్పు నాన్నా" అన్నారు. చెప్పాను. 14,000. బీరువా. ఆరేళ్ళ సత్ప్రసాదాలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"డబ్బు తిరిగి పెట్టావు. సరే. ఆ బీరువా తాళం ఇప్పుడెవరి దగ్గరుంది?"

"నా దగ్గరే ఫాదర్."

"ఇచ్చెయ్. ఇక మీద గుడి డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టండి, నీ ఒక్కడి చేతిలో ఉంచుకోకు. నువ్వు చెడ్డవాడివని కాదు, నువ్వు మనిషివి."

ప్రార్థన ఎండిపోయిందని చెప్పాను. పాపం ఒప్పుకోగానే రుచి తిరిగి వస్తుందా అని అడిగాను.

"రావచ్చు, రాకపోవచ్చు. అది దేవుడిష్టం. రోజూ ఎంతసేపు కూర్చుంటావు?"

"పదిహేను నిమిషాలు అనుకుంటానండీ. మధ్యలో లేచిపోతాను."

"లేవాలనిపించిన రోజు పదహారు కూర్చో. ఇగ్నేషియస్ వారు చెప్పిందే ఇది. మనసు పారిపొమ్మంటే, అనుకున్నదానికంటే కాస్త ఎక్కువసేపే ఉండాలి."

ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన పిల్లల కోసం ఒక జపమాల చెప్పమని ప్రాయశ్చిత్తం ఇచ్చారు. పాపాలకి పశ్చాత్తాపపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం నోరు తిరక్క మధ్యలో ఆగితే ఆయనే అందించారు. పాపవిమోచనం పలికి సిలువ గుర్తు వేశారు. లేచి పక్కకి వచ్చాను. ఏదో వెలుగు కనపడుతుందని, ఏడుపొస్తుందని అనుకున్నాను. ఆకలేసింది. పిన్ని దగ్గర పులిహోర పొట్లం తీసుకుని, మెట్ల మీద కూర్చుని మెతుకు మిగలకుండా తిన్నాను.

తర్వాత కొండ ఎక్కాం. కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతున్నారు. పిన్ని ఎండకి కాలిన రాళ్ళ మీద ఉత్తి కాళ్ళతో, ఎక్కడా ఆగకుండా పైన సిలువ దాకా ఎక్కింది. ఇదే రోజుని ప్రపంచ రోగుల దినంగా జరపాలని రెండో జాన్ పాల్ పాపుగారు 1992లో నిర్ణయించారు. పెద్దపూజలో రోగుల కోసం ప్రార్థించేటప్పుడు పిన్ని కళ్ళు మూసుకుంది, పెదాలు కదపలేదు. సత్ప్రసాదం వరసలో ఆమె వెనకే నిలబడ్డాను. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, ఎవరు చూస్తున్నారో నేను చూసుకోలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని గుంటూరు దాకా నిద్రపోయారు. ఆయన నన్నేమీ అడగలేదు.

ఫిబ్రవరి 12. ఇల్లు

నిన్న రాత్రి ఇంటికి రాగానే బీరువా తాళం కాగితంలో చుట్టి, కమిటీలో పెద్దాయనకి ఇచ్చి వచ్చాను. లెక్క ఇక మీద ఇద్దరం చూద్దామన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "మంచిదే" అన్నాడు.

తెల్లవారుజామున ఐదింటికి లేచి వసారాలో కూర్చున్నాను. మడమ నొప్పి. అమ్మ జపమాల తీశాను. మంగళవార్త జపాలు నోటితోనే వస్తున్నాయి. ఎక్కడో కోడి కూసింది, పాల ఆటో వెళ్ళింది. క్వయర్ గుర్తొచ్చింది, తోసేశాను, మళ్ళీ వచ్చింది. ఇక చాల్లే అనిపించి గోడ గడియారం చూశాను. ఏడు నిమిషాలైంది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. రెండోసారి చూసేసరికి ఐదు గంటల పదహారు నిమిషాలు.